ఆ పేజీలో తప్పు

పూర్ణచంద్రరావు పంచాంగ గణితం చేసేవాడు. అది వాళ్ళ నాన్నగారి పేరు మీద వెలువడే పంచాంగం. చూపు మందగించి తండ్రి ఆ పని కొడుక్కి అప్పగించిన మరుసటి ఉగాదికి, అట్ట మీద పేరు కింద చిన్న అక్షరాల్లో ‘దృగ్గణితం’, అంటే కంటికి కనిపించే ఆకాశంతో సరిచూసిన లెక్క, అన్న మాట చేరింది. ఎవరో అది చదివి వినిపించాక తండ్రి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. పోయేదాకా మాట్లాడలేదు.

తండ్రి పామర్రు దగ్గర పల్లెలో సిద్ధాంతి. ఆయన లెక్క కలియుగం పుట్టిన క్షణం నుంచి మొదలయ్యేది. ఆ క్షణాన గ్రహాలన్నీ మేషరాశి మొదట్లో ఒక్కచోట ఉన్నాయని గ్రంథం చెబుతుంది. అక్కణ్ణించి ఇవాళ్టిదాకా ఎన్ని రోజులు గడిచాయో ముందు కట్టాలి. మహాయుగంలో చంద్రుడు ఎన్నిసార్లు చుట్టి వస్తాడో గ్రంథంలోనే ఉంది. ఈ రెండూ ఉంటే ఇవాళ చంద్రుడు ఎక్కడున్నాడో త్రైరాశికం మీద తేలుతుంది. ఆ తర్వాత చిన్నచిన్న సవరణలు. కొడుక్కి ఎక్కాలతో పాటే ఇదంతా నేర్పాడు. పూజలో సంకల్పం శ్వేతవరాహ కల్పం నుంచి, వైవస్వత మన్వంతరం నుంచి ఆనాటి తిథి దాకా ఎలా దిగుతుందో, పలక మీద లెక్క కూడా అలాగే దిగుతుందని పూర్ణచంద్రరావుకు చిన్నతనంలోనే అర్థమైంది. సృష్టి అంతా ఒక పెద్ద కూడిక, ఇవాళ అన్నది అందులో చివరి అంకె.

హైస్కూల్లో ఉండగా ఒక చంద్రగ్రహణం ఆ కూడికను పాడుచేసింది. చంద్రోదయమైన కాసేపటికి గ్రహణం. ఊరివాళ్ళు సిద్ధాంతిగారు చెప్పిన వేళ చూసుకుని తొందరలేకుండా అన్నాలకు కూర్చున్నారు. ఆ వేళ ఇంకా రాకముందే చంద్రుడి అంచు మాసింది. ఒక ముసలాయన విస్తరి ముందు నుంచి లేచి, పెరట్లోకి వెళ్ళి, గొంతులో వేలు పెట్టుకుని తిన్నదంతా కక్కాడు. పూర్ణచంద్రరావు తండ్రి వైపు చూశాడు. తండ్రి ఆకాశం వైపు చూడనే లేదు.

“కలి సోకితే ఆకాశానికి సోకాలి గానీ లెక్కకు సోకదురా,” అన్నాడు.

పూర్ణచంద్రరావు విజయవాడ వచ్చి, ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్మీడియెట్ పిల్లలకు లెక్కలు చెబుతూ రిటైరయ్యాడు. సాయంత్రాలు పంచాంగానికి. చంద్రుడు నిజంగా ఎక్కడున్నాడో ఇప్పటి ఖగోళ పట్టికల్లోంచి తీసుకుని తిథీ నక్షత్రమూ కట్టేవాడు. కంప్యూటర్ వచ్చాక కూడా నక్షత్రాలు మారే వేళలు మాత్రం చేత్తో మరోసారి చూసుకునేవాడు. పాత పద్ధతికీ దీనికీ కొన్ని రోజుల్లో తేడా ఉండదు. కొన్ని రోజుల్లో ఒక పూట తేడా వస్తుంది. ఆ పూట కోసం పురోహితుల సభల్లో మైకు లాక్కున్న మనుషులు ఉన్నారు.

ఆయన భార్య తమ్ముడు కామేశ్వరశాస్త్రి మంగళగిరిలో పురోహితుడు, పాత పద్ధతి పంచాంగం మనిషి. అక్కను చూడటానికి వచ్చినప్పుడల్లా కూర్చోకముందే మొదలుపెట్టేవాడు.

“బావగారి చంద్రుడు తెల్లారకుండానే టిఫిను బాక్సు పట్టుకుని డ్యూటీకి పోతాడే అక్కయ్యా. మావాడు పాతకాలం మనిషి, కాఫీ పడితే గానీ కదలడు.”

“కాఫీ తాగుతూ కూర్చునేవాణ్ణి చంద్రుడనరు, బామ్మర్ది అంటారు,” అనేవాడు పూర్ణచంద్రరావు.

“మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండర్రా,” అనేది బాలాత్రిపురసుందరి. “అత్తింటి ఏకాదశి ఒకటి, పుట్టింటి ఏకాదశి ఒకటి. రెండు పూటలూ పస్తు నాకే.”

వాళ్ళు వన్ టౌన్‌లో, ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టు వెనక సందులో కింది వాటాలో ఉండేవారు. కొట్టూ ఇల్లూ రామకోటేశ్వరరావువి. ఆయన పై అంతస్తులో ఉంటాడు. కొత్త సరుకు దింపాలన్నా మాస్టారి పంచాంగం తీసి చూసే మనిషి. అద్దె పెంచమని కొడుకు పోరితే, “మాస్టారు కింద ఉంటే మనకి గుడి ఉన్నట్టురా,” అనేవాడు.

పూర్ణచంద్రరావుకు ఒక్కతే కూతురు, నాగవల్లి. ముప్ఫై దాటాయి. మాట రాలేదు. పొద్దున లేచి కుట్టుమిషను మీద ఒకసారి, కిటికీ ఊచల మీద ఒకసారి, నీళ్ళ డ్రమ్ము మీద ఒకసారి చెయ్యి ఆనించి, వంటింటి గడప మీద కూర్చునేది. సాయంత్రం దాకా అక్కడే. స్నానం, జడ, భోజనం తల్లి చూసేది. తల్లికి చాతకాని రోజుల్లో పనిమనిషి బుల్లెమ్మ చూసేది. ఇంకెవరు చెయ్యి వేసినా నాగవల్లి కరిచేది. ఒకసారి వాటాకు రిపేర్లు పెట్టినప్పుడు ఆమెను మంగళగిరిలో శాస్త్రి ఇంటికి తీసుకెళ్ళారు. అక్కడ గడప వేరు, ఊచలు వేరు. తిండి మానేసింది. గోడకేసి నుదురు కొట్టుకుని ఫిట్స్ తెచ్చుకుంది. ఆస్పత్రిలో మంచానికి కట్టేసి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. రిపేర్లు సగంలో ఉండగానే వెనక్కి తెచ్చారు. సిమెంటు వాసన కొడుతున్న ఇంట్లోకి అడుగుపెట్టాక ఆ పిల్ల అన్నం తింది.

బాలాత్రిపురసుందరి వైశాఖ బహుళంలో పోయింది. నాలుగు రోజులుగా ఎండ మనుషుల్ని కూల్చేస్తోంది. మధ్యాహ్నం నాగవల్లికి అన్నం పెట్టి, చెయ్యి కడుక్కుని, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని గడప పక్కనే పడుకుంది. పూర్ణచంద్రరావు ఆటో పిలుచుకుని సందు మలుపు తిరిగేసరికే అయిపోయింది. నాగవల్లి తల్లి చెంగు పట్టుకుని కూర్చుని ఉంది.

పూర్ణచంద్రరావు గడియారం చూశాడు. అది ఆయనకు అలవాటు. చావు జరిగిన ఇంటినుంచి ఎవరు ఫోను చేసినా మొదట అడిగేది అదే. ఆయన కట్టిన లెక్కలో ఆవేళ మిట్టమధ్యాహ్నానికే శ్రవణం పోయి ధనిష్ఠ వచ్చింది. ధనిష్ఠలో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు వదలాలి. తలుపు మూసి ముళ్ళకంప అడ్డం పెట్టాలి. లేకపోతే ఆ కప్పు కింద మరో చావు వస్తుందని నమ్మకం.

మంగళగిరి నుంచి శాస్త్రి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. అక్క పాదాల దగ్గర కూర్చుని పైపంచె నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. లోపల గడప మీద బుల్లెమ్మ నాగవల్లి పక్కన కూర్చుని, ఆమె గుప్పిట్లోంచి తల్లి చీరె చెంగు ఒక్కొక్క వేలూ తీసి విడిపిస్తోంది.

రామకోటేశ్వరరావు చెప్పులు మెట్ల కిందే వదిలి వచ్చాడు. చేతిలో పంచాంగం ఉంది.

“అమ్మగారు ఇంత పని చేస్తారనుకోలేదండి,” అన్నాడు. పంచాంగం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “మాస్టారూ, ఈ టైములో అడగకూడదు. పంచాంగంలో ధనిష్ఠ అని ఉందండి.”

పూర్ణచంద్రరావు తల వంచుకునే ఉన్నాడు. “శాంతి చేయిస్తాను రావుగారూ. శాస్త్రంలో శాంతి ఉంది.”

“ఉందండి. కానీ బుల్లెమ్మ మొగుడు పోయినప్పుడు శాంతి ఒక్కటే చాలదన్నారు. ఆ గదుల ఓనరు మిమ్మల్నడగడానికి వచ్చినప్పుడు నేనిక్కడే ఉన్నాను.”

బుల్లెమ్మ అప్పట్లో ఈ సందు చివరే ఒక గదిలో ఉండేది. మొగుడు ధనిష్ఠలో పోయాడని ఆ గది ఖాళీ చేయించారు, ఆరు నెలల తర్వాత తిరిగి ఇవ్వలేదు. అప్పట్నుంచీ చిట్టినగర్ కొండ మీద రేకుల కింద ఉంటోంది. లోపల గడప దగ్గర అలికిడి ఆగింది.

“మిమ్మల్ని పొమ్మనడానికి నాకు నోరెట్లా వస్తుందండి,” అన్నాడు రామకోటేశ్వరరావు. “గొల్లపూడిలో మా గోడౌను మీద రెండు గదులున్నాయి, ఫ్యాన్లూ అవీ వేయిస్తాను. ఆర్నెల్లు. సామాను కదపొద్దు, తాళం మీ దగ్గరే పెట్టుకోండి. పైన సింధూరికి ఏడో నెల. నా కోడలు కాకపోతే అసలు ఈ మాటే ఎత్తేవాణ్ణి కాదు.”

“ధనిష్ఠ ఎక్కణ్ణించి వచ్చిందండి?” అన్నాడు శాస్త్రి. “మా పంచాంగంలో దీపాలు పెట్టేదాకా శ్రవణమే. అక్కయ్య శ్రవణంలో పోయింది. దోషం లేదు, ఏం లేదు.”

“మీది పాత లెక్క కదండీ. అది ఆకాశంతో కలవదని మాస్టారే మా చేత మాన్పించారు. మా నాన్న తద్దినం కూడా ఈయన చెప్పాకే తేదీ మార్చుకున్నాం. మావాడు ఇందాక ఫోన్లో చూశాడు. అందులోనూ ధనిష్ఠే.”

శాస్త్రి లేచి బావగారి భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

“వల్లి సంగతి మా ఇంట్లో చూశాం కదండీ. తల్లి ఉండగానే అలా చేసింది. ఇప్పుడు తల్లి కూడా లేకుండా గొల్లపూడి తీసుకెళ్తే ఆ పిల్ల బతుకుతుందా? ఒక్కసారికి నా పంచాంగం ఒప్పుకోండి. నేనెవరికీ చెప్పుకోను. ఇంకెప్పుడూ ఎగతాళి చెయ్యను.”

“నీ పంచాంగం ఆయన ఒప్పుకోడుగా.”

“మీ మాట ఒప్పుకుంటాడు.”

చంద్రుడు ఎక్కడున్నాడో పూర్ణచంద్రరావు జీవితమంతా పరీక్షించుకున్నాడు. చంద్రుడు అక్కడుంటే ఇల్లు వదలాలన్న మాటను ఒక్కసారీ పరీక్షించలేదు. అదీ అదే బొత్తిలో, అదే వరసలో తండ్రి చేతి నుంచి వచ్చింది. లెక్క మార్చి ఆ మాటను అలాగే ఉంచుకున్నాడు. అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. ఈ క్షణాన అది అబద్ధమని అనిపించినా, నిజమేమోనన్న భయం కూడా పోలేదు. తలుపు సందులోంచి గడప మీద నాగవల్లి కాళ్ళు కనిపిస్తున్నాయి.

ఆయన వెనక్కి వచ్చి పంచాంగం కోసం చెయ్యి చాపాడు. పేజీ తీసి చాలాసేపు చూశాడు.

“ఈ పేజీలో తప్పు పడింది రావుగారూ. శ్రవణం సాయంత్రం దాకా ఉంది.”

“ప్రెస్సు వాళ్ళ తప్పాండి?”

“కాదు. నా లెక్కే తప్పింది.”

“మరి ఫోన్లో?”

“అందులో చూపించేది ఢిల్లీకి. మనకు వేరే.”

చంద్రుడు ఢిల్లీకొక వేళ, విజయవాడకొక వేళ నక్షత్రం మారడు. సూర్యోదయం మారినట్టు నక్షత్రం మారదని ఆయన ఎంతమంది పురోహితులకు విసుగు లేకుండా చెప్పాడో. శాస్త్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రామకోటేశ్వరరావు పంచాంగం తిరిగి తీసుకున్నాడు. “సరేనండి,” అన్నాడు. “మీరే అన్నాక.”

ఇల్లు నిలిచింది. పదో రోజు కాకముందే సింధూరిని పుట్టింటికి పంపించారు. ఎండలు ఎక్కువగా ఉన్నాయని రామకోటేశ్వరరావే కిందికి వచ్చి చెప్పాడు. అద్దె గురించి గానీ ఇల్లు గురించి గానీ ఒక్క మాట అనలేదు. కొట్టులో మేకుకు మాత్రం వేరే పంచాంగం వేలాడింది.

వైశాఖం పేజీలో తప్పుంటే జ్యేష్ఠం పేజీలో ఉండదని ఏమిటి? ఉయ్యూరు నుంచి ఒక పురోహితుడు ఫోను చేశాడు. ఆ పంచాంగం చూసి పెట్టిన పెళ్ళి ఒకటుందట. “మీరే ఒప్పుకున్నారని విన్నానండి. ముహూర్తం మార్చమంటారా?” అని మర్యాదగానే అడిగాడు. మార్చక్కర్లేదన్నాడు పూర్ణచంద్రరావు. అవతలి మనిషి, “ఎందుకైనా మంచిది, వేరేవాళ్ళతో కూడా చూపిస్తాలెండి,” అన్నాడు. గుళ్ళవాళ్ళు పంచాంగాల కట్టలు వెనక్కి పంపారు. వచ్చే ఏడాది పని సంగతి ప్రెస్సాయన ఎత్తలేదు, ఈయనా అడగలేదు.

ఇవేవీ ఆయనకు అంతగా పట్టలేదు. పట్టింది బుల్లెమ్మ రాకపోవడం. కర్మ జరిగినన్నాళ్ళూ వచ్చింది. గిన్నెలు తోమింది, నాగవల్లికి నీళ్ళు పోసింది. పన్నెండో రోజు భోజనాల తర్వాత ఆకులు ఎత్తి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నాగవల్లి పొద్దున్నే పెరటి తలుపు దగ్గర నిలబడుతోంది. తండ్రి కలిపి పెడితే అన్నం నాలుగు ముద్దలు తింటోంది గానీ ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు. జుట్టు అట్టలు కట్టింది. బట్టలు తడిసిపోయినా మార్చనివ్వలేదు. శాస్త్రి ఇద్దరు ఆడమనుషుల్ని పంపాడు. ఒకామె సందులో ఎవరో ఏదో చెప్పాక గుమ్మం లోంచే తిరిగిపోయింది. రెండో ఆమె మణికట్టు మీద నాగవల్లి పళ్ళు దిగాయి.

పూర్ణచంద్రరావు కూతుర్ని లోపల పెట్టి గొళ్ళెం వేసి, ఒక ఉదయం కొండెక్కాడు. మెట్లు ఇళ్ళ మధ్య నుంచి, మురికి కాలవ పక్క నుంచి పైకి పోతాయి. రెండుచోట్ల కూర్చున్నాడు. బుల్లెమ్మ రేకుల వసారాలో బియ్యం ఏరుతోంది. ఆయన్ని చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. ఇంట్లో చంటి మనవరాలు ఏడుస్తుంటే, “ఆగవే, అయ్యగారొచ్చారు,” అంది.

“ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను,” అన్నాడాయన.

“బానే ఉందండి.”

“వల్లి నీకోసం చూస్తోంది. తల దువ్వనివ్వడం లేదు.”

“ఎవరినీ రానివ్వదండి ఆ పాప.” మళ్ళీ చేట ముందుకు లాక్కుంది. “అయ్యగారూ, ఒకటడుగుతాను, ఏమనుకోమాకండి. అమ్మగారి రోజున మీ లెక్క తప్పిందన్నారు.”

“ఊఁ.”

“మా ఆయనప్పుడు కూడా తప్పిందాండి?”

పూర్ణచంద్రరావు మెట్ల వైపు చూశాడు. కింద కాలవలూ కప్పులూ ఎండలో తెల్లగా ఉన్నాయి. ఆమె ఎదురుచూస్తోంది. తప్పిందంటే ఆమె గది ఊరికే పోయినట్టు. తప్పలేదంటే ఏమవుతుందో ఆయనకు తెలియదు. కోపం వస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టి అయినా వస్తే చాలనుకున్నాడు.

“అప్పుడు తప్పలేదు బుల్లెమ్మా.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడూ తప్పలేదు.”

ఆమె చేతులు బియ్యంలో ఆగాయి. “వల్లి పాప కోసం అన్నారన్నమాట.”

“అవును.”

“నా పిల్లలు అప్పటికి చిన్నోళ్ళండి. వానాకాలం. ఈ కొండమీద రేకులు కూడా లేవు.” గొంతు పెంచలేదు. ధర చెబుతున్నట్టు చెప్పింది. “పోనీలెండి. కన్నోళ్ళెవరైనా అంతే. పైన కొట్టాయనకి నేను చెప్పను.”

“రేపట్నుంచి వస్తావా మరి?”

బుల్లెమ్మ ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అర్థం కాని మనిషికి ఎలా చెప్పాలా అన్న ఇబ్బంది ఉంది.

“ఎట్టా వస్తానండి? ధనిష్ఠలో మనిషి పోయిన ఇల్లు, తలుపులు తీసే ఉందంటున్నారు. నాకు చంటిది ఉందిగా ఇంట్లో. మీ లెక్క తప్పే అనుంటే వచ్చేదాన్నే. నిజమో కాదో తేలక ఆగాను గానీ, నిన్నటిదాకా మనసు లాగుతూనే ఉంది.” చేట పక్కన పెట్టి లేచింది. “మంచినీళ్ళిస్తానుండండి. ఎండలో దిగాలి.”

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ఆమె మెట్ల దాకా వచ్చి, ఎక్కడ పాచి ఉందో చూపించింది. వల్లి పాపకు చల్లనీళ్ళు పడవని, తల మీద ఒక్కసారిగా పోయకుండా ముందు కాళ్ళ మీద పోయమని చెప్పింది.

“గోడ వైపు తిప్పి కూర్చోబెట్టండి. అప్పుడు కరవదు,” అంది.

ఇంటికి వచ్చి పూర్ణచంద్రరావు గొళ్ళెం తీశాడు. నాగవల్లి పెరటి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆయన స్టవ్ మీద నీళ్ళు పెట్టాడు. అవి కాగేలోగా చొక్కా విప్పి, పంచె పైకి కట్టి, కుట్టుమిషను జరిపి గోడ పక్కన చోటు చేశాడు.